గడియారం సెంటర్ షేర్ల ఆఫీసులో మూడేళ్ల ఖాతా: ఒక రిటైర్డ్ లెక్కల సారు రివ్యూ

రేటింగ్: 5కి 1. ఆ ఒక్కటి ఎందుకిచ్చానో కూడా రాస్తాను.

నా వయసు 72. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి 2011లో రిటైరయ్యాను. నల్లగొండలో రామగిరి వైపు సొంత ఇల్లు. అమ్మాయి హైదరాబాద్‌లో కొత్తపేటలో ఉంటుంది, అబ్బాయి అమెరికాలో న్యూజెర్సీలో. నా భార్య 2021 డిసెంబర్‌లో పోయింది.

ఈ ఆఫీసు పేరు రాయడం లేదు. మా మధ్య తగాదా రాజీతో ముగిసింది, ఆ కాగితం మీద సంతకం పెట్టాను కాబట్టి మాట తప్పను. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. ఇలాంటి ఆఫీసులు మిర్యాలగూడలో, సూర్యాపేటలో, మహబూబ్‌నగర్‌లో కూడా ఉంటాయి. లోపల పని ఎట్లా జరుగుతుందో తెలిస్తే మీ ఊళ్లో ఉన్నదాన్ని మీరే పోల్చి చూసుకోగలరు.

ముందు మంచి సంగతి. ఆఫీసు గడియారం సెంటర్‌కు దగ్గర, రెండో అంతస్తులో. లిఫ్ట్ ఉంది. ఏసీ ఉంది. గోడకు పెద్ద టీవీ, దాని ముందు ఎనిమిది కుర్చీలు. పొద్దున తొమ్మిదింటికి వెళ్తే అప్పటికే నలుగురు కూర్చుని ఉండేవారు. ఒకాయన కనగల్ వైపు బత్తాయి తోట ఉన్న రైతు, ఒకాయన వీఆర్వోగా చేసి దిగిపోయినవాడు, ఒకామె ఆర్టీసీ కండక్టర్ భార్య. భర్త పోయాక వచ్చిన సెటిల్మెంట్ పైసలు ఆమె అక్కడ పెట్టింది. పదకొండింటికి టీ వచ్చేది. నా చక్కెర జబ్బు గుర్తుపెట్టుకొని నాకు మాత్రం చక్కెర లేని టీ వేరే కప్పులో తెచ్చేవారు. ఇంట్లో మాట్లాడే మనిషి లేని నాకు ఆ కుర్చీ చాలా విలువైంది. నేనిచ్చిన 1 దానికే.

ఖాతా 2022 మార్చిలో తెరిచాను. నాకు షేర్లు కొత్త కాదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు, షేరు సర్టిఫికెట్లు కాగితాలుగా ఉన్న రోజుల నుంచీ నెలకు కొంచెం కొంచెం కొన్నవి 11 కంపెనీల షేర్లు. కొనడమే గాని అమ్మడం తెలియదు. ఈ ఆఫీసుకు మార్చుకునేనాటికి వాటి విలువ దాదాపు 18 లక్షలు.

మా తరఫున కొనడం, అమ్మడం చేసే డీలర్ కుర్రాడికి ముప్పై దాటవు. మొదటి రోజే లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. "సారూ, మా అన్నకు టెన్త్‌ల లెక్కలు చెప్పింది మీరే. మీ దయ వల్లనే పాసయిండు" అన్నాడు. ఊరు పేరు, ఇంటిపేరు అడిగితే సరిపోయింది. ఆ మాట తర్వాత నేను ఏ ఫారమూ చదవలేదు. చదవకుండా సంతకం పెట్టొద్దని పిల్లలకు ముప్పై ఏళ్లు చెప్పినవాడిని.

ఈ-మెయిల్ అడ్రస్ కావాలన్నాడు. నాకు లేదు. తనే నా పేరు మీద ఒకటి తయారుచేసి, పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసి సొరుగులో పెట్టుకున్నాడు. ఈ రివ్యూలో మీరు ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటే ఇదే పెట్టుకోండి. షేర్ల వ్యవహారంలో మనకు రావాల్సిన ప్రతి కాగితం ఆ మెయిల్‌కే వస్తుంది. కొన్నా అమ్మినా 24 గంటల్లోగా కాంట్రాక్ట్ నోట్, అంటే ఆ లావాదేవీ బిల్లు పంపాలి, లావాదేవీ జరిగిన నెలకు డిపాజిటరీ (మన షేర్లను కంప్యూటర్ ఖాతాలో భద్రపరిచే సంస్థ) నుంచి మన షేర్ల పట్టిక రావాలి. ఇవన్నీ క్రమం తప్పకుండా వచ్చాయి. నేను చూడని చోటికి వచ్చాయి.

మొదటి ఏడాది ఏమీ జరగలేదు. 2023 జూన్‌లో ఒక రోజు ఆ కుర్రాడు పక్కన కూర్చున్నాడు.

"సారూ, మీ షేర్లు ఊకెనే పడి ఉన్నయి. వాటిని అమ్మే పని లేదు, తీసే పని లేదు. వాటి మీద లిమిట్ వస్తది. దానితోని నేను చిన్నచిన్న ట్రేడ్‌లు చేసి నెలకు పదిహేను, ఇరవై వేలు తీసిస్త. మీరేం టెన్షన్ పడకండి, నేను చూసుకుంట."

లిమిట్ అంటే షేర్లను పూచీగా చూపి ట్రేడ్ చేసే వీలు. షేర్లు అమ్మే పని లేదన్నాడు, అది చాలనుకున్నాను. కేవైసీ అప్‌డేట్ అని పెన్షన్ కాగితం, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ తీసుకున్నాడు. నిజానికి అది ఫ్యూచర్స్, ఆప్షన్స్ (ధర పెరుగుతుందా, తగ్గుతుందా అని పందెంలా చేసే ఒప్పందాలు) విభాగం తెరవడానికి అడిగే ఆదాయ రుజువు. ఆ సంగతి నాకు ఏడాదిన్నర తర్వాత తెలిసింది.

ఆ తర్వాత ఫోన్‌కు ఓటీపీలు రావడం మొదలైంది. ఇంట్లో ఉంటే ఫోన్ చేసేవాడు. "సారూ, ఆరు అంకెలు వచ్చినయి, చెప్పండి." చెప్పేవాడిని. ఆఫీసులో ఉంటే ఫోనే అతని చేతికిచ్చేవాడిని. అక్షరాలు చిన్నవి, నాకు కుడికంట్లో శుక్లం.

ఆ ఆరు అంకెలు ఏమిటో ఇప్పుడు తెలుసు కాబట్టి వివరంగా రాస్తాను. హైదరాబాద్‌లోని కార్వీ స్టాక్ బ్రోకింగ్ మీద 2019 నవంబర్ 22న షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ ఉత్తర్వు ఇచ్చింది మీకు గుర్తుండే ఉంటుంది. ఖాతాదారుల షేర్లను సంస్థే తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకున్న వ్యవహారం. మా ఉపాధ్యాయ మిత్రులు ఆ రోజుల్లో నిద్రపోలేదు. ఆ తర్వాత సెబీ పద్ధతి మార్చింది. 2020 సెప్టెంబర్ 1 నుంచి మార్జిన్ (ట్రేడ్‌కు చూపే పూచీ) కోసం షేర్లు బ్రోకర్, అంటే ఇలాంటి షేర్ల కంపెనీ, ఖాతాలోకి వెళ్లకూడదు, మన షేర్లుండే డీమ్యాట్ ఖాతాలోనే ఉండి వాటి మీద తాకట్టు గుర్తు పడాలి. ఆ గుర్తు పడాలంటే డిపాజిటరీ నేరుగా మనకు ఓటీపీ పంపాలి. వెనకటిలాగా ఒక్క పవర్ ఆఫ్ అటార్నీ కాగితంతో అన్నీ బ్రోకర్ చేతికి పోయే పద్ధతిని కూడా 2022లో తీసేశారు. అంటే బ్రోకర్ నా షేర్లను ముట్టుకోకుండా తలుపుకు తాళం వేసి, తాళంచెవి నా ఫోన్‌కు పంపిస్తున్నారు. నేను ఆ చెవిని రోజూ ఫోన్‌లో చదివి వినిపించాను.

డబ్బు కూడా వచ్చింది, అది దాచను. మొదటి మూడు నెలలు నా బ్యాంకు ఖాతాలో 12 వేలు, 15 వేలు, 11 వేలు పడ్డాయి. మనవరాలికి సైకిల్ కొనిచ్చాను. పిల్లలను అడగకుండా నా సొంత సంపాదనతో కొన్నానని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. తర్వాత డబ్బు రావడం ఆగింది. అడిగితే "మార్కెట్ బాగలేదు సారూ, వచ్చే నెల కలిపి ఇస్త" అనేవాడు. టీ మాత్రం ఆగలేదు. నమస్కారమూ ఆగలేదు.

2024 సెప్టెంబర్ ఆఖరున పేపర్లో సెబీ అధ్యయనం వార్త చదివాను. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన కోటి మందికి పైగా మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు, ఖర్చులతో కలిపి తలకు సగటున 2 లక్షల రూపాయలు. పేపర్ పట్టుకొని ఆఫీసుకు వెళ్లాను. "అది సొంతంగా ఆడేటోళ్ల సంగతి సారూ, మీది నేను చేస్తున్న కద" అన్నాడు. ఆ రాత్రి ఆ 93 నా తలలో తిరుగుతూనే ఉంది.

అయినా పిల్లలకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో రాయాలి, ఎందుకంటే ఆ కుర్చీల్లో కూర్చున్న అందరి కథా అదే. నష్టం వచ్చిందంటే సిగ్గు ఒక్కటే కాదు. చెబితే పిల్లలు "ఇంక నీకెందుకు నాయినా ఇవన్నీ" అని బ్యాంకు కార్డు, చెక్కుబుక్కు కూడా తీసుకుంటారని భయం. నా జీతంతో ఇల్లు కట్టి, ఇద్దరిని చదివించి, ఇప్పుడు కూరగాయలకు పైసలు అడిగే రోజు వస్తుందేమోనని భయం. ఆ భయం డీలర్‌కు తెలుసు. ఒకసారి అన్నాడు కూడా, "అమెరికా అన్నకు చెప్పకండి సారూ, వాళ్లకు ఇక్కడి మార్కెట్ తెల్వదు, ఊకె గాబరా పడతరు." ఇంట్లోవాళ్లకు చెప్పొద్దని ఆఫీసులో ఎవరైనా అన్నారంటే లేచి వచ్చేయండి. నేను లేవలేదు.

సద్దుల బతుకమ్మకు అమ్మాయి వచ్చింది. అది 2024 అక్టోబర్. పండుగ మర్నాడు నా ఫోన్‌లో ఫొటోలు చూస్తూ మెసేజ్‌లు చూసింది. స్టాక్ ఎక్స్ఛేంజ్ నుంచి నేరుగా వచ్చిన మెసేజ్‌లు. ఏ రోజు ఏ లావాదేవీ జరిగిందో, బ్రోకర్ దగ్గర నా పేరు మీద డబ్బెంత, షేర్లెన్ని ఉన్నాయో తెలిపేవి. ఇంగ్లిష్‌లో వస్తాయి. కంపెనీ ప్రకటనలనుకొని వదిలేసినవి.

"నాయినా, నువ్వు బ్యాంక్ నిఫ్టీ ఆప్షన్లు చేస్తున్నవా?" అని అడిగింది. బ్యాంకు షేర్ల సూచీ మీద చేసే ఆప్షన్లవి. ఆ మాట నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

ఫోన్ నంబరు నాదే కాబట్టి ఆ మెయిల్ పాస్‌వర్డ్ మార్చి తెరిచింది. 260 కాంట్రాక్ట్ నోట్లు, ట్రేడ్ జరిగిన రోజుకొకటి. ఒక్కటీ తెరవలేదు. 11 కంపెనీల్లో నాలుగు కంపెనీల షేర్లు లేవు. బాకీ పూడ్చడానికి అమ్మేశారు.

మూడు రాత్రులు కూర్చొని తెల్ల కాగితాల మీద లెక్క రాశాను. పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఒక్కో నోటు చూశాను. 14 నెలల్లో మొత్తం నష్టం 6,40,000 రూపాయలు. అందులో బ్రోకరేజీ, పన్నులు, చార్జీలు కలిపి 2,18,400. దాన్ని 260 రోజులకు పంచితే రోజుకు 840. నా పెన్షన్‌ను ముప్పైతో భాగిస్తే 1,533. అంటే ట్రేడ్ జరిగిన ప్రతి రోజూ, ఆ రోజు పెన్షన్‌లో సగానికి పైనే ఆ ఆఫీసుకు, పన్నులకు కట్టాను.

ఇంకో విధంగా చూడండి. ఏడాదికి చార్జీలు 1,87,200. నా 18 లక్షల మీద అది 10.4 శాతం. నాకు ఒక్క రూపాయి మిగలాలంటే ముందు నా ఆస్తి ఏడాదికి 10.4 శాతం పెరిగి ఆ ఖర్చు తీర్చాలి. అదే 18 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీంలో పెడితే అప్పటి 8.2 శాతం వడ్డీకి ఏడాదికి 1,47,600 వచ్చేది. మూడు నెలలకోసారి 36,900 నా ఖాతాలో పడేది. రావాల్సిన 1,47,600 రాలేదు, కట్టకూడని 1,87,200 కట్టాను. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేసే లెక్క ఇది. లెక్క వేయడానికి కావాల్సిన అంకెలు నా చేతికి రాలేదు, నేను అడగలేదు.

ఆఫీసుకు అమ్మాయితో కలిసి వెళ్లాం. ఆ రోజు టీ రాలేదు. మేనేజర్ చాలా మర్యాదగా మాట్లాడాడు. "మేడమ్, సార్ రోజూ ఇక్కడే టీవీ ముందు కూర్చునేవారు. అన్నీ ఆయన కళ్ల ముందే జరిగాయి. ఆయన చెబితేనే చేశాం. ఓటీపీ ఆయనే ఇచ్చారు." ప్రతి వాక్యం వినడానికి నిజంలాగే ఉంది. నాకు చెమట పట్టింది. ఒప్పుకొని ఇంటికి వెళ్దామా అనిపించింది.

అమ్మాయి ఒక్కటే అడిగింది: "ఆర్డర్లు నాయిన ఇచ్చినట్టు రికార్డు చూపించండి."

ఈ ప్రశ్న వెనుక ఒక నిబంధన ఉంది. 2018 నుంచి అమల్లో ఉంది. ఖాతాదారుడి నుంచి ఆర్డర్ వచ్చినట్టు బ్రోకర్ దగ్గర సాక్ష్యం ఉండాలి. మన సంతకం ఉన్న కాగితమో, ఫోన్ రికార్డింగో, మన మెయిలో, మన లాగిన్ నుంచి చేసిన రికార్డో, మెసేజో ఏదో ఒకటి. తగాదా వస్తే నిరూపించాల్సిన భారం బ్రోకర్ మీదే. ఆర్డర్ ఇవ్వలేదని మనం నిరూపించనక్కర్లేదు. రోజూ కుర్చీలో కూర్చోవడం ఆర్డర్ ఇవ్వడం కాదు.

రాతపూర్వకంగా అడిగాక వాళ్లు 11 రికార్డింగులు పంపారు. 260 రోజులకు 11. అవి కూడా ట్రేడ్ అయిపోయాక హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఫోన్లు. ఒక అమ్మాయి గొంతు గబగబా చదువుతుంది, "మీ ఖాతాలో జరిగిన లావాదేవీలు మీకు తెలిసే జరిగాయి కదా సార్?" వెంటనే నా గొంతు, "ఆఁ, సరే సరే, అవును." హెడ్డాఫీసు నుంచి ఫోన్ వస్తే అవునని చెప్పమని కుర్రాడు ముందే చెప్పి ఉంచాడు. ఆ రికార్డింగులు విన్నప్పుడు నా గొంతు నాకే పరాయి మనిషి గొంతులాగా వినిపించింది. వెనకాల టీవీ చప్పుడు.

ఫిర్యాదు దారి క్లుప్తంగా చెబుతాను. ముందు కంపెనీకి రాశాం, వాళ్లు కుదరదన్నారు. నవంబర్‌లో సెబీ వారి ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్‌లో పెట్టాం. అక్కడ కంపెనీ 21 రోజుల్లోగా జవాబివ్వాలి. ఇచ్చారు, మళ్లీ అదే జవాబు, పైగా మొదటి నెలల లావాదేవీలు ఏడాది దాటాయన్నారు. స్కోర్స్‌లో ఏడాది గడువు ఉన్న మాట నిజమే, అందుకని ఆలస్యం చేయకండి. తర్వాత 2025 జనవరిలో స్మార్ట్ ఓడీఆర్ పోర్టల్‌కు వెళ్లాం. 2023లో మొదలైన ఆన్‌లైన్ పద్ధతి ఇది. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే మధ్యవర్తి తీర్పు. హైదరాబాద్ తిరిగే పని లేకుండా మా ముందు గదిలో అమ్మాయి ల్యాప్‌టాప్ పెట్టుకొని మాట్లాడాం. రాజీ కుదిర్చే ఆయన నా కాగితాలన్నీ చదివి వచ్చాడు. 260, 11 అనే రెండు అంకెలు అడిగి మళ్లీ రాసుకున్నాడు. ఫిబ్రవరిలో 2,75,000కు ఒప్పుకున్నాను. మిగిలిన 3,65,000 పోయినట్టే. మధ్యవర్తి దాకా వెళ్లమని అబ్బాయి అన్నాడు. నాకు ఓపిక లేకపోయింది. ఆ నెలల్లో బీపీ మాత్ర ఒకటి నుంచి రెండయ్యింది.

పోర్టల్ తెరవడం రానివాళ్లకు సెబీ వారి ఉచిత నంబరు ఉంది, 1800 266 7575. నేను చేశాను, తెలుగులో మాట్లాడారు.

బత్తాయి రైతుకు, ఆ కండక్టర్ భార్యకు కూడా వాళ్ల మెయిళ్లు చూసుకోమని చెప్పాను. రైతు కొడుకును తీసుకొని వచ్చాడు. ఆమె రాలేదు. "కొడుక్కు తెలిస్తే తిడతడు సారూ, ఉన్నకాడికి ఉండనియ్యండి" అంది. ఇంటికి రెండుసార్లు వెళ్లాను. ఇప్పటికీ ఆమె ఆ కుర్చీలోనే కూర్చుంటోందని విన్నాను. ఈ రివ్యూ రాస్తున్నంత సేపూ ఆమె మొహమే కళ్ల ముందుంది. అమ్మా, ఇది ఎవరైనా మీకు చదివి వినిపిస్తే, మీ తప్పు ఏమీ లేదని ముందు తెలుసుకోండి.

ఆ ఆఫీసు నన్ను అడగని ప్రశ్న ఒకటుంది. ఇదంతా తెలిశాక అబ్బాయి న్యూజెర్సీ నుంచి ఫోన్‌లో చెప్పాడు. అక్కడ షేర్ల ఖాతా తెరిచేటప్పుడు నమ్మకమైన మనిషి ఒకరి పేరు, ఫోన్ నంబరు ఇవ్వమని బ్రోకర్ అడగాలట. అక్కడి బ్రోకర్లను పర్యవేక్షించే ఫిన్రా అనే సంస్థ నియమం, 2018 ఫిబ్రవరి 5 నుంచి అమల్లో ఉంది. ఇవ్వడం ఇవ్వకపోవడం మన ఇష్టం, కానీ అడగడం వాళ్ల బాధ్యత. ఆ నమ్మకమైన మనిషి ఖాతాలో ఏదీ కొనలేడు, అమ్మలేడు, పైసా తీయలేడు. పెద్దమనిషి లావాదేవీల్లో తేడా కనిపిస్తే ఆఫీసువాళ్లు అతనికి ఫోన్ చేసి మాట్లాడవచ్చు, అంతే. 65 నిండినవాళ్లను ఎవరో మోసం చేస్తున్నారని గట్టి అనుమానం ఉంటే డబ్బు బయటికి పోకుండా 15 పనిదినాలు ఆపవచ్చు, విచారణను బట్టి ఇంకా పొడిగించవచ్చు. 2022లో షేర్ల అమ్మకాలకు కూడా ఇది వర్తింపజేశారు.

ఇక్కడ నా ఫారంలో నామినీ గడి ఉంది. సెబీ 2025లో నామినీలను పదిమంది దాకా పెట్టుకోవచ్చంది. నామినీ నేను పోయిన తర్వాతి సంగతి. శరీరం సహకరించనప్పుడు నామినీల్లో ఒకరు ఖాతా నడిపేటట్టు ముందే రాసిపెట్టే ఏర్పాటు కూడా తెచ్చారు, అది మంచిదే. కానీ నేను నడుస్తూ, మాట్లాడుతూ, రోజూ టీ తాగుతూ మోసపోతున్నప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో రాసే గడి నా ఫారంలో ఎక్కడా లేదు. ఆ 14 నెలల్లో హెడ్డాఫీసు కంప్యూటర్‌లో ఎవరైనా చూసి ఉంటే 71 ఏళ్ల పెన్షనర్ ఉన్నట్టుండి రోజూ ఆప్షన్లు ఎందుకు చేస్తున్నాడని ఒక్క నిమిషంలో తెలిసేది. ఎవరో చూసే ఉంటారు. ఫోన్ చేయడానికి వాళ్ల దగ్గర రెండో నంబరు లేదు, పెట్టుకోవాలని వాళ్లకు అనిపించలేదు. నాకు ఆ కుర్రాడి మీద ఉన్న కోపం కన్నా దీని మీదనే ఎక్కువ బాధ. కుర్రాడికి నెలకింత బ్రోకరేజీ తేవాలని టార్గెట్ ఉండేదట, ఆ టార్గెట్ పెట్టినవాళ్లు నన్ను ఎప్పుడూ చూడలేదు.

2025 ఏప్రిల్ నుంచి నా ఖాతా వేరే చోట ఉంది. ఆ ఆఫీసు పేరు కూడా రాయను, ఒకదాని పేరు రాసి ఒకదానిది రాయకపోతే బాగుండదు. ప్రకాశం బజార్ వైపు, మెడికల్ షాపు పైన చిన్న గది. దానికి 5కి 4 ఇస్తున్నాను.

ఇక్కడ టీవీ లేదు, టీ లేదు. కుర్చీలు రెండే. డెస్క్ దగ్గర ఉండే అమ్మాయి మొదటి రోజే "సార్, మెయిల్ మీ ఇంట్లోవాళ్లతో తయారుచేయించుకొని రండి, నేను చేయకూడదు" అని తిప్పి పంపింది. ఆ రోజు విసుగొచ్చింది, ఇప్పుడు ఆమెను మెచ్చుకుంటున్నాను. ఫ్యూచర్స్, ఆప్షన్స్ విభాగం తెరవలేదు. డీడీపీఐ అనే కాగితం, అంటే అమ్మిన షేర్లను మన ఖాతా నుంచి బ్రోకరే తీసుకునేందుకు ఇచ్చే అనుమతి, దాని మీద సంతకం పెట్టడం మన ఇష్టమేనని చెప్పింది, పెట్టలేదు. కాబట్టి ఏ షేరు అమ్మినా నా టీపిన్ (డిపాజిటరీ ఇచ్చే రహస్య నంబరు), ఓటీపీ కావాలి. "ఓటీపీ నాకు చెప్పొద్దు సార్, మీరే కొట్టండి" అని ఫోన్ నా వైపు తోసేస్తుంది. శుక్లం ఆపరేషన్ అయినా నాకు ఆరు అంకెలు కొట్టడానికి సమయం పడుతుంది, ఒక్కోసారి గడువు దాటిపోయి మళ్లీ రప్పించుకోవాలి. ఆమె వేరే పని చూసుకుంటూ ఆగుతుంది.

ఫారం నింపేటప్పుడు చివరి పేజీ ఖాళీలో నా పెన్నుతో రాశాను: "నా లావాదేవీల్లో ఎప్పుడైనా తేడా కనిపిస్తే మా అమ్మాయికి ఫోన్ చేయండి." కింద నంబరు. ఆమె చదివి, "దీనికి గడి లేదు సార్, కానీ మీ ఫైల్లో పెడతాను" అంది.

ఆగస్టులో ఆ నంబరుతో పని పడింది. ఎవరో నన్ను వాట్సాప్ గ్రూపులో చేర్చారు. రోజూ లాభాల ఫొటోలు, ఒక ఆప్, దాంట్లో డబ్బు వేస్తే వారంలో రెట్టింపు. పోయిన 3,65,000 తిరిగి సంపాదించాలన్న ఆశ నాలో ఉంది. అది మానలేదని ఒప్పుకుంటున్నాను. 3 లక్షల షేర్లు అమ్మడానికి వెళ్లాను. "డబ్బు ఎప్పుడు పడుతుంది, రేపు పొద్దున్నే కావాలి" అని మూడుసార్లు అడిగానట. "దేనికి సార్" అంది ఆమె. నా డబ్బు, నీకెందుకమ్మా అన్నాను, గొంతు పెంచి. ఆమె ఫైలు తీసి చివరి పేజీ నా ముందు పెట్టింది. "మీరే రాశారు సార్. ఒక్కసారి ఫోన్ చేయనా?"

నా చేతిరాత నా ముందే ఉంది. కాదనలేకపోయాను. మా అమ్మాయి ఫోన్‌లో ఆప్ పేరు అడిగింది, సెబీలో నమోదు ఉందో లేదో చూసింది, లేదు. "ఒక్క రాత్రి ఆగు నాయినా, పొద్దున కూడా కావాలంటే నేనే వచ్చి అమ్మిస్త" అంది. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. చిన్నపిల్లవాడిని చేశారని కోపం. తెల్లవారాక ఆ గ్రూపులోనే ఎవరో డబ్బు వెనక్కి రావడం లేదని రాశారు, రాసిన కాసేపటికే అతన్ని తీసేశారు. నేను పైసలు కట్టలేదు కాబట్టి సరిపోయింది. కట్టినవాళ్లయితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, గంటలు గడిచేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

వారం తర్వాత ఆఫీసుకు వెళ్లి, గొంతు పెంచినందుకు ఆ అమ్మాయికి తప్పయిందని చెప్పాను. ఇప్పుడు నెల మొదటి ఆదివారం నేనూ మా అమ్మాయి వీడియో కాల్‌లో డిపాజిటరీ పట్టిక తెరిచి ఒక్కో కంపెనీ పేరు చదువుకుంటాం. చదివేది నేనే.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే లిఫ్ట్ లేదు. మెట్లు ఎత్తు, పట్టుకునే రాడ్ ఒకవైపే ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పదకొండింటిలోపు వెళ్లి మెడికల్ షాపు దగ్గర నుంచి ఫోన్ చేయండి. షాపు అతను కుర్చీ వేస్తాడు, ఆ అమ్మాయే కాగితాలు పట్టుకొని కిందికి వస్తుంది. కళ్లజోడు మాత్రం మరిచిపోకుండా తీసుకెళ్లండి, చదవందే సంతకం తీసుకోదు.